జాబితాలో లేని లైను

సాయంత్రం అయిదు లోపల తనూజ ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని ఆఫీసులో ఇవ్వాలి. ఇస్తే ఆమె కంప్యూటర్ నెట్‌వర్కింగ్ వదిలేసి డేటా సైన్సులోకి మారిపోతుంది. ఒకసారి మారాక వెనక్కి రావడం కుదరదని ఆ ఫారం అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

వారం రోజులుగా ఆ పిల్లకి అన్నం సయించడం లేదు. సీనియర్ ఒకడు ఫోన్ చేసి, "ఇంకా ఆ వైర్లే పట్టుకుని కూర్చున్నావా?" అన్నాడట. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి, "అంతా క్లౌడులోకి పోయాక మీతో పనేముంటుందే?" అందట. అన్నవాళ్లు అనేసి హాయిగా నిద్రపోయారు. విన్న మనిషికే నిద్ర కరువైంది.

చివరికి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, ఈ చదువు ఎందుకు మానెయ్యాలో వరసగా రాసుకుంది. తొమ్మిది కారణాలు తేలాయి. తొమ్మిదీ చదువుకుంటే భయం తగ్గాలి కదా, ఇంకాస్త పెరిగింది.

నాలుగుంపావుకి ఫారమూ, ఆ కాగితమూ పట్టుకుని యూనివర్సిటీ నెట్‌వర్క్ సెంటర్‌కి వెళ్లింది. అక్కడి పెద్ద జోగారావు గారు, సంతకం పెట్టాల్సింది ఆయనే. ఇరవై ఆరేళ్ల సర్వీసు. పాఠం చెప్పమంటే నాలుగు మాటల్లో ముగించేస్తారు, పని మాత్రం కడుపు నిండా ఇస్తారు. క్రిందటేడు మొదటి ల్యాబులో తనూజ చేత కేబులు కట్టించింది ఆయనే. ఆ కేబులు రెండు కొసలూ రెండు కంప్యూటర్లకి తగిలించగానే ఒకదానికొకటి జవాబిచ్చుకున్నాయి. ఆ రోజు ఆమె మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయింది. ఆ సంబరం ఇప్పుడామెకి గుర్తు లేదు.

"సార్, ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?" అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి సార్. నాకు చాలా భయంగా ఉంది."

జోగారావు గారు ఫారం అందుకుని బల్ల మీద పెట్టారు. కలం మాత్రం తియ్యలేదు.

"సంతకానికేటుందమ్మా, పెడతాను. ముందు ఓ చిన్న పని చేసిపెట్టు."

ఏజెన్సీలో, కొండల మధ్య యూనివర్సిటీకి ఒక వర్షపాతం పరిశోధన కేంద్రం ఉంది. బస్సులో మూడున్నర గంటల ప్రయాణం. అక్కడి రూటర్ మీదికి ఏడు ఇంటర్నెట్ అడ్రసుల నుంచి చెత్త వచ్చి పడుతోంది. వాటిని ఆపాలి. ఆయన కూర్చున్న చోటి నుంచే ఆ రూటర్‌లోకి వెళ్లి, ఏదో చిన్న ముక్క టైపు చేసి, లేచి కుర్చీ ఆమెకి ఇచ్చారు.

ఇది తనూజకి కొట్టిన పిండి. ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో జాబితా రాసిస్తే, రూటర్ దాన్ని పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది, ముందు తగిలిన లైనుదే మాట. ఆమె చకచకా ఏడు లైన్లు కొట్టింది. వీడొద్దు, వీడొద్దు, వీడొద్దు. ఒక కన్ను గోడ గడియారం మీదే ఉంది. ఏడోది అయ్యాక జాబితాని రూటర్‌కి తగిలించి ఎంటర్ నొక్కింది.

తెర కదలడం మానేసింది.

ఇంకో మీట నొక్కింది. జవాబు లేదు. ఇంకోటి. లేదు. అప్పుడు వెలిగింది ఏం చేసిందో. ప్రతి జాబితా చివరా కంటికి కనపడని లైను ఒకటి ఉంటుంది: పైన రమ్మని రాయని వాళ్లెవరూ రాకూడదు. ఆమె వద్దన్న వాళ్లనే రాసింది. రమ్మని ఒక్కరినీ రాయలేదు. రూటర్ అందరితో పాటు ఆమెనీ గెంటేసింది.

బల్ల మీద ఫోను మోగింది. కొండ మీది కేంద్రం నుంచి.

"సారూ, నెట్టు పోయిందండీ. నాలుగున్నరకి వాన లెక్కలు పంపాలండీ..."

"తెలుసు బాబూ. ఓ పావుగంట ఆగు," అని జోగారావు గారు ఫోను పెట్టేశారు.

పావుగంటలో ఎలా వస్తుంది? అక్కడికి వెళ్లడానికే మూడున్నర గంటలు! "సార్, నేను చివరి బస్సుకి వెళ్లి సరిచేసి వస్తాను సార్. నా వల్లే..." అంటూ తనూజ ఏడ్చేసింది.

"కూర్చోమ్మా," అన్నారాయన. ఫ్లాస్కు మూత తీసి టీ పోశారు. ఆమెకో గ్లాసు, తనకో గ్లాసు. ఆయన ఊదుకుంటూ తాగారు. ఆమె గ్లాసులో టీ మీగడ కట్టింది. ఫారమూ గడియారమూ తెరా, మూడింటినీ మార్చి మార్చి చూస్తూ ఆ పిల్ల పడ్డ యాతన పగవాళ్లకి కూడా వద్దు.

నాలుగూ నలభైకి తెర మీద అక్షరాలు కదిలాయి. కొండ మీది రూటర్ జవాబిచ్చింది. ఆమె రాసిన ఏడు లైన్లూ అందులో లేవు. పాతది పాతలాగే ఉంది.

తనూజకి ప్రాణం లేచొచ్చింది. "ఎలా సార్?"

"నీకు కుర్చీ ఇచ్చేముందు, పది నిమిషాల్లో నిన్ను నువ్వే ఆపుకుని మళ్లీ లేవమని దానికి చెప్పాను. సేవ్ చెయ్యనిది పోతుంది, పాతది మిగుల్తుంది. దూరాన ఉన్నదాన్ని ముట్టుకునే ముందు ఎప్పుడూ అలాగే చెబుతాను. నేనూ ఒకప్పుడు ఆ బస్సెక్కినోడినే."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఫారం దగ్గరికి లాక్కున్నారు. అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివారు. తర్వాత కలం తీసి సంతకం పెట్టేశారు. తనూజ నమ్మలేనట్టు చూసింది.

ఫారం కింద నోటుబుక్కు కాగితం కనపడితే అదీ తీసి చదివారు. ఒకటి, ఉద్యోగాలు లేవు. రెండు, జీతాలు లేవు. మూడు, గుర్తింపు లేదు. అలా తొమ్మిది దాకా మెల్లగా చదివి, కాగితం ఆమె వైపు తిప్పి, పక్కనే కలం పెట్టారు.

"ఇక్కడా నిన్ను నువ్వు రాసుకోవడం మర్చిపోయావు తల్లీ," అని కొండ మీది కేంద్రానికి ఫోను కలిపారు.

గడియారం అయిదుకి పదకొండు నిమిషాలు చూపిస్తోంది. సంతకమైన ఫారం చేతికందేంత దూరంలో ఉంది. తనూజ కలం తీసుకుంది. తొమ్మిదో లైను కింద బోలెడు చోటుంది. ఆమె కలం అక్కడికి పోలేదు. కాగితం పైకొసకి వెళ్లి, ఒకటో అంకెకి పైన ఆగింది.