గోడ దూకిన కనకాంబరం

అనగనగా ఒక ఊళ్ళో, నిలువెత్తు గోడకి ఇటుపక్క ఇంట్లో, గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ దొడ్లో మోకాలెత్తు కనకాంబరం మొక్క ఉండేది. వాళ్ళమ్మ నాటిన మొక్క. ఊరి మొత్తానికి అదొక్కటే. రోజూ ఆ పూలు కోసి, మాల కట్టి, సింహాలు అనే తన కూతురి జడలో పెట్టేది.

గవరమ్మకి శుభ్రం పిచ్చి. పూలయిపోయి కంకి ఎండితే చాలు, తుంచి గోడ అవతలికి విసిరేసేది. అవతల నాగరత్నం ఇల్లు. ఆవిడ ఊరుకుంటుందా?

"ఏం వదినా, మా దొడ్డి నీకు చెత్తకుండీలా కనబడుతోందా?"

"నాలుగు ఎండు పుల్లలకి ఇంత రాద్ధాంతమా!"

అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఒకటి కాదు, రెండేళ్ళు.

ఆ తర్వాత ఒక వేసవిలో మొక్క వాడింది. అప్పుడు గవరమ్మ పూటపూటా బిందెడు నీళ్ళు పోసింది. ఇంకా వాడింది. తట్టెడు పచ్చి పేడ వేసింది. ఆకులు మాడాయి. కొమ్మ తుంచి వేరేచోట గుచ్చింది. అదీ ఎండింది. తల్లి మొక్కని పీకి చూస్తే ఏముంది, వేరంతా కుళ్ళిపోయింది.

"గింజలైనా లేవా అమ్మా?" అంది సింహాలు.

గింజలుండేది ఆ ఎండు కంకుల్లోనే మరి! గవరమ్మ ఒక్కటీ దాచుకోలేదు.

అప్పుడు సింహాలు ఏం చేసిందో తెలుసా? రోలెక్కి గోడ మీంచి తొంగి చూసింది.

"అమ్మా, అటు చూడు!"

గవరమ్మా రోలెక్కి చూసింది. గోడకి అవతలి వారన బోలెడు కనకాంబరాలు. కొన్ని మొలకలు, కొన్ని మొగ్గ తొడిగినవి. కంకిలోని ఎండుకాయ తడిస్తే టప్పున పేలుతుంది, గింజ ఎగిరి మట్టిలో పడుతుంది. విసిరింది గవరమ్మ, తడిపింది వాన.

గవరమ్మ కాసేపు గుమ్మంలోనే తచ్చాడింది. ఆ తర్వాత చెంగు బిగించి వెళ్ళింది.

"వదినా, ఒక్క మొక్క ఇస్తావా?"

నాగరత్నం నడుం మీద చెయ్యేసుకుని ఎగాదిగా చూసింది.

"నీ చెత్తేగా, పట్టుకుపో. తట్టయినా తెచ్చుకోలేదేం?"

వేళ్ళకి మట్టి రాలకుండా మూడు మొక్కలు తవ్వి, తన తట్టలోనే పెట్టిచ్చింది. "నీళ్ళు ఆచి తూచి పొయ్యి. ఎండు కంకులు కొన్ని ఉంచుకో. మిగతావి ఇటే పడెయ్" అంది.

కంకి గోడ దూకింది,
కాయ టప్పున పేలింది,
గింజ మొక్కై నవ్వింది.
కథేమో కంచికి, మనమేమో మంచానికి!