నూకాలు వెంట తెచ్చిన కడవ

ఆ రాజ్యంలో ఇళ్లు కట్టేవాళ్లకు, వాటికి నీళ్లు మోసేవాళ్లకు తప్ప అందరికీ సొంత ఇళ్లుండేవి. నీళ్లు మోసే నూకాలు పదేళ్లు కూడబెట్టి, నగరాధికారి భూపతిరాయుడు అమ్మజూపిన పాత పెంకుటిల్లు కొందామనుకుంది.

"పెద్దవాళ్ల ఇల్లు చూడబోతున్నావు. మంచి కోక కట్టుకో, తల వంచుకుని మాట్లాడు" అని ఇరుగుపొరుగు చెప్పారు. నూకాలు మాత్రం ఒక నిచ్చెన, నిండు కడవ సిద్ధం చేసుకుని మండుటెండలో బయలుదేరింది.

రాయుడు పట్టుపంచె కట్టుకుని నడింట్లో కుర్చీ వేయించుకున్నాడు.

"చూడవే, ఎంత వానొచ్చినా చుక్క కారదు. నీలాంటిదానికి ఇదే ఎక్కువ."

"చిత్తం దొరా. తమరు అక్కడే కూర్చోండి," అని నూకాలు బయట నిచ్చెన వేసి కడవతో కప్పెక్కింది. సరిగ్గా ఆయన నెత్తి మీదికి వచ్చి, "పోస్తున్నాను దొరా" అంది.

రాయుడు ఒక్క గంతులో వాకిట్లో పడ్డాడు. "ఆగవే, నా పట్టుపంచె తడుస్తుంది."

ఆ మాట వీధంతా విన్నది.

"ఒక్క కడవకే తమరు లేచి పరిగెత్తారు. అదే కప్పు కింద నా పిల్లల్ని వానాకాలమంతా పడుకోబెట్టమంటున్నారు. ముందు పెంకులు మార్పించండి. మళ్లీ వస్తాను, ఇదే కడవతో. అప్పుడు కూడా తమరు అక్కడే కూర్చోవాలి."