స్వామి పూలు, పుల్లమ్మ కుండ

వేణుగోపాలస్వామి చల్లగా చూసుకునే ఒకానొక రాజ్యంలో పుల్లమ్మ అనే అద్దకపు ముసలమ్మ ఉండేది. రోజూ తెల్లవారగానే గుడి వెనక నిలబడి, అర్చకులు స్వామి మీది నుంచి తీసేసిన బంతిపూలను బుట్టకెత్తుకునేది. రేకులు తుంచి, కుండలో ఉడికించి, ఆ నీళ్ళు వడకట్టి, ఇంత పటిక కలిపి బట్ట ముంచిందా... ఏం చెప్పమంటారు తల్లీ, పొద్దుటెండను పిండి ఆరేసినట్టుండేది!

ఆ రాజ్యాన్నేలే చండభూపతికి ఒక్కటే జబ్బు. తన నోట మాట వచ్చిందంటే దేవుడైనా దిద్దకూడదంటాడు.

ఒకనాడు ఆయన గుడికొచ్చి పుల్లమ్మ బుట్ట చూశాడు.

"ఏమే ముసలీ! నా తోటలో పూసి, స్వామి మెడలో మెరిసిన పూలు నీ పొయ్యి మీద ఉడకాలా? నిర్మాల్యం ఏట్లో కలపాలని తెలియదూ?"

"ఏట్లో కుళ్ళిపోతున్నాయి దొరా. రేవులో జనం కాళ్ళకింద పడుతున్నాయి. నా కుండలో అయితే..."

"నోర్ముయ్! స్వామి మీది నుంచి దిగిన పువ్వును వాడుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఊరు విడిచిపోవాలి. రేపు స్వామి కల్యాణం కాగానే బయలుదేరు!"

పుల్లమ్మకది నలభై ఏళ్ళుగా చేసిన పని. ఈ వయసులో ఏ ఊరికి పోయి ఎవరి గడప తొక్కాలి? కళ్ళొత్తుకుని స్వామి వైపు చూసింది. స్వామి మెడలో నిండుగా దండ. చూస్తూ చూస్తూ ముసలమ్మ చిన్నగా నవ్వుకుంది.

"చిత్తం దొరా. ఆ 'ఎవరైనా సరే' అన్న మాట చాటింపులో కూడా వేయిస్తారా?"

"వేయిస్తాను! నా కన్నకొడుకైనా సరే, నేనైనా సరే!" అని మీసం దువ్వాడు రాజు. సాయంత్రానికల్లా వీధివీధినా డప్పు మోగింది.

మర్నాడు కల్యాణం కన్నులపండువగా జరిగింది. ఆనవాయితీ ప్రకారం అర్చకుడు అప్పలాచార్యులు స్వామి మెడలోని దండ తీసి రాజుగారి మెడలో వేశాడు. రాజు కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు జనంలోంచి వచ్చింది పుల్లమ్మ, నెత్తిన కుండ, చంకన మూట.

"పదండి దొరా, పొద్దెక్కుతోంది."

"ఎక్కడికే?"

"పొలిమేర దాటాలి కదా, మనిద్దరం! ఒక్కదాన్నే ఎట్లా పోవాలా అని రాత్రంతా బెంగపడ్డాను. స్వామే తోడు చూపించాడు."

సన్నాయి టక్కున ఆగిపోయింది. రాజు చెయ్యి దండ మీదికి పోయింది గానీ, తీసెయ్యడానికి మనసొప్పలేదు.

"ఇది... ఇది ప్రసాదమే!"

"తమరి మెడలో పడితే ప్రసాదం, నా కుండలో పడితే పాపమా ప్రభూ? మీ దండ సాయంత్రానికి వాడిపోతుంది. నాకు దక్కిన ప్రసాదం కూడా కాస్త చూడండి." మూట విప్పింది. ఎవరూ కట్టని పసుపుపచ్చని పట్టు. "నిరుడు కల్యాణం పూలివి. రంగు దిగిందేమో మీరే చెప్పండి."

రాజు పట్టును వేళ్ళతో తడిమాడు. ముందు మీసం అదిరింది, తరవాత పొట్ట అదిరింది, ఆ పైన మండపమంతా దద్దరిల్లేలా నవ్వాడు.

"ఆచార్లుగారూ, చాటింపు రద్దు చేయకపోతే నా సింహాసనం ఖాళీ! ఇకమీదట రాజ్యంలో ఏ గుడి నిర్మాల్యమైనా పుల్లమ్మ కుండకే చేరాలి. ఈ పట్టు స్వామికి కట్టండి."

స్వామి మెడ దిగిన పూలు స్వామి నడుముకే తిరిగొచ్చాయి. చూసినవాళ్ళ కళ్ళదే పుణ్యం!

రాజు తన చేతి బంగారు కడియం తీసి పుల్లమ్మకు తొడిగాడు. ఆమె కుండ మళ్ళీ నెత్తికెత్తుకుంది.

"ఇంటికైతే నేనొక్కదాన్నే పోగలను దొరా. తోడక్కర్లేదు!"