మామిడి తొక్కల గుంట

మధ్యాహ్నం దాటింది. మబ్బు కమ్మింది. ఆకు కదలడం లేదు.

కుందేళ్ల షెడ్డు ముందు పట్టా మీద మామిడి తొక్కలు ఎండుతున్నాయి. జ్యూస్ ఫ్యాక్టరీ నుంచి పుల్లెద్దు బండి మీద వచ్చినవే అవన్నీ. గలగలమనేదాకా ఎండితేనే దాణాలో కలుపుతారక్కడ. వాన పడేలా ఉందని యజమాని పరుగున వచ్చి పట్టా మడిచాడు. ఆ హడావుడిలో గూటికి గొళ్లెం పెట్టడం మరిచాడు.

తల్లి కుందేలు పత్తమ్మ కునుకు తీసి లేచేసరికి గూడు ఖాళీ. నలుగురు పిల్లల్లో ఒక్కరూ లేరు.

"ఎద్దు తాతా! నా పిల్లలేరీ?"

పుల్లెద్దు నెమరు ఆపింది. "ఫ్యాక్టరీ వెనక గుంటకేసి పోయారమ్మా. ముందు నక్క నడుస్తోంది. వద్దురా అని అరిచాను. కట్టుకొయ్య దగ్గరున్న ముసలాడి మాట ఎవడు వింటాడు?"

పత్తమ్మ గుంటకేసి పరుగెత్తింది.

ఫ్యాక్టరీవాళ్లు పారబోసిన తొక్కలన్నీ ఆ గుంటలోనే. పైన ఎండకు అట్ట కట్టింది. కింద పులిసిన బురద. గట్టు మీద పిల్లలు, మూతుల నిండా పసుపు రసం. పక్కనే నక్క.

"రా చెల్లెమ్మా! పాపం, ఎండు తొక్కలు నమిలి నమిలి చిక్కిపోయారు పిల్లలు. తడి తొక్క రుచి చూపిస్తున్నా. తిను నాయనా, ఇంకాస్త తిను."

"మామ మంచోడమ్మా," అన్నాడు అందరికన్నా చిన్నవాడు బుడ్డోడు. "తాను ఒక్కటీ తినకుండా అన్నీ మాకే పెడుతున్నాడు."

వాడి పొట్ట బిగుసుకుపోయి ఉంది. లేవబోయి కూలబడ్డాడు.

పత్తమ్మకు సంగతి అర్థమైంది. పులిసింది తింటే కడుపు ఉబ్బుతుంది. ఉబ్బితే పరుగు రాదు. నక్క కాచుకున్నది అందుకే. పారిపొమ్మంటే ముగ్గురు పోతారు. బుడ్డోడు మిగిలిపోతాడు.

"అన్నా," అంది నక్కతో. "తియ్యటివి నడిమధ్యన పడ్డట్టున్నాయి. తినిపించుకు రానా? ఇంకాస్త ఒళ్లు చేస్తారు."

నక్క నోరూరింది. "ఎంత మాట! నిదానంగా తినిపించు తల్లీ."

బుడ్డోణ్ణి తలతో నెట్టుకుంటూ పత్తమ్మ అట్ట మీద అడుగేసింది. మిగతా ముగ్గురూ వెంట నడిచారు. కింద మెత్తగా ఊగుతోంది. తేలికపాటి ఒళ్లు కనుక అట్ట విరగలేదు. నడిమధ్యకు చేరారు. ఆగలేదు. అవతలి గట్టెక్కేశారు.

"ఏయ్! ఎక్కడికి?"

నక్క ఒక్క దూకు దూకింది. అట్ట పుటుక్కున విరిగింది. మెడదాకా బురద.

"చెల్లెమ్మా! లాగవే, నీకు పుణ్యముంటుంది!"

"తడి తొక్క మహా రుచన్నావుగా," అంది పత్తమ్మ. "తిను అన్నా. ఇంకాస్త తిను."

దారిలో చినుకులు మొదలయ్యాయి. పిల్లలకు ఒక్కటే మాట చెప్పింది. "తాను ముట్టనిది మనల్ని తినమని బతిమాలేవాడి ఆకలి, ఆ తిండి మీద కాదు, మన మీద."

గూట్లో లెక్క పెట్టుకుంది. ఒకటి. రెండు. మూడు.

బుడ్డోడి పొట్టకు చెవి ఆనించింది. పేగు కదిలిన చప్పుడు లేదు. వాన జోరందుకుంది. చెవి తియ్యలేదు. చాలాసేపటికి లోపల గుడగుడమంది. వాడు కాలు తన్నాడు.

"నాలుగు," అంది పత్తమ్మ.