చూడని వరదకు రాసిన కొలత

వెనకటి రోజుల్లో, కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడి విద్యాపీఠంలో వకుళ అనే విద్యార్థిని ఏటి వరదల మీద పరిశోధన చేస్తూ ఉండేది. మూడు వానాకాలాలు ఏటి వెంట తిరిగి, ఏ ఊళ్లో నీరు ఎంత ఎత్తుకు లేచిందో కొలిచి రాస్తే ఆమెకు పండిత పట్టా దక్కుతుంది. ఆ కొలతలను బట్టే రాజుగారు కరకట్ట కట్టిస్తారు.

రెండేళ్లు వకుళ ఒక్క ఊరూ వదలలేదు. మూడో ఏడు జ్వరం వచ్చి, చివరి ఊరైన పల్లపువాడకు వెళ్లలేకపోయింది. గడువేమో ముంచుకొస్తోంది. పాత కొలతలు చూసి, ‘తొమ్మిది మూరలు’ అని ఊహించి రాసేసింది.

గురువు హరిదత్తాచార్యులు గ్రంథమంతా చదివారు.

"అన్నీ నీ కళ్లతో చూసినవేనా అమ్మా?"

"చూసినవే గురువుగారూ," అంది వకుళ. ఆయన ముద్ర వేశారు.

పండితసభలో రాజుగారు శాలువా కప్పి పట్టా ఇచ్చారు. నిజం చెప్పేయాలనుకుంది. కానీ అంతమంది మెచ్చుకుంటుంటే తల వంచి పట్టా అందుకుంది.

పల్లపువాడలో, తొమ్మిది మూరల వరదకు సరిపడా కట్టకు శంకుస్థాపన రోజు వచ్చింది. రాజుగారితో పాటు గురువుగారూ, వకుళా అక్కడికి వచ్చారు. చేపలు పట్టుకుని బతికే ఎర్రెమ్మ అనే ముసలమ్మ వకుళ చేతులు పట్టుకుంది.

"పోయినేడు వరదలో నా మనవరాలు కొట్టుకుపోయింది తల్లీ. నీ పుణ్యమా అని మిగిలిన పిల్లలైనా బతుకుతారు."

తను రాని ఏడు! వకుళ తిన్నగా రాజు ముందుకు వెళ్లి నిలబడింది.

"మహారాజా, పని ఆపించండి. ఈ ఊరి కొలత ఊహించి రాశాను. గురువుగారికీ అబద్ధం చెప్పాను."

ఎర్రెమ్మ ఆమె వంక చూడనైనా లేదు. తన ఇంటి గోడ మీద వరద వదిలిన బురద చార మాత్రం చూపించింది. ఏటి ఒడ్డు మట్టం నుంచి కొలిస్తే పన్నెండు మూరలు.

"పట్టా వెనక్కి ఇచ్చెయ్," అన్నారు హరిదత్తాచార్యులు బరువుగా. "మూడు వానాకాలాలూ మళ్లీ కొలువు. నేనూ నీ వెంట వస్తాను. వచ్చి చూడకుండా ముద్ర వేసిన తప్పు నాది."

కట్ట పదమూడు మూరలు లేచింది. మరుసటి వానాకాలం ఏరు పదకొండు మూరలు పొంగింది. ఊళ్లోకి చుక్క నీరు రాలేదు.

ఆ రోజు వకుళ వానలో తడుస్తూ, గట్టు మీద కొలకర్రతో నిలబడి ఉంది. ఎర్రెమ్మ వచ్చింది. తాటాకు గొడుగు ఆమె తల మీదికి జరిపింది.

పిల్లలూ, పరిశోధకులు రాసే అంకెను నమ్ముకుని ఎందరో బతుకుతారు. అందుకే చూసిందే రాయాలి, చూడనిది చూడలేదని చెప్పాలి.