ముల్లు నిలిచేదాకా

నిఘంటువు పనిలో నలభై ఏళ్లు గడిపిన వెంకటాచలం పంతులుగారికి ఒక పాడు అలవాటు ఉండేది. మాటకు అర్థం అడిగితే చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే.

ఆ ఉదయం శిష్యుడు భానోజీ రొప్పుతూ వచ్చాడు. ఊళ్లో ఆసుపత్రిలో లిస్సమ్మ అనే మలయాళీ నర్సు మందుల బీరువా తాళం పగలగొట్టింది. పాము కరిచిన పిల్లకు ఇవ్వాల్సిన విరుగుడు అందులో ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేడు. పిల్ల బతికింది. నర్సు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మధ్యాహ్నం విచారణలో తేలుతుంది. ఆమె ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితాన్ని ఈలోగా భానోజీ తెలుగు చెయ్యాలి.

"'డెలిబరేట్లీ పగలగొట్టాను' అని తనే రాసుకుంది గురువుగారూ. 'కావాలని' అని రాస్తే ఆమె కొంప మునుగుతుంది. 'పొరపాటున' అని మార్చెయ్యనా?"

పంతులుగారు చెప్పులు వేసుకున్నారు.

వెళ్లింది కంసాలి వీరాచారి కొట్టుకి. ఎండాకాలం, ఉన్నది ఒకటే ఫ్యాను. ఒకావిడ జూకాలు తూయించుకోవడానికి కూర్చుని ఉంది. ఆచారి చిన్న త్రాసు బయటికి తీసి, గాలికి అది ఊగకుండా ముందు ఫ్యాను కట్టేశాడు. అందరికీ చెమటలు పోశాయి.

"చాల్లే ఆచారీ, తూగింది కదా," అందావిడ.

"ఇంకా ఊగుతోందమ్మా. ముల్లు నిలవనీ."

భానోజీకి గడియారం మీదే ప్రాణం. ఎట్టకేలకు ముల్లు నిలిచింది. ఆచారి తూకం గట్టిగా చెప్పి ఫ్యాను వేశాడు.

"నువ్వడిగిన మాట పుట్టిల్లు ఇదే. లాటిన్‌లో లిబ్రా అంటే త్రాసు. డెలిబరేట్‌లో ఉన్నది ఆ లిబ్రాయే," అన్నారు పంతులుగారు.

భానోజీ జేబులోని కాగితం లాగి అక్కడే చదివాడు. పొద్దున అనవసరమని దాటేసిన వాక్యాలవి. 'మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఉద్యోగం పోతుందని తెలుసు. బీరువా ముందు నిలబడ్డాను. పిల్ల కనురెప్పలు వాలిపోతున్నాయి.' ఆ తర్వాతే ఆ మాట ఉంది. పొరపాటని రాసి ఆమె చేసిన పనిని ఆమెది కాకుండా చెయ్యబోయానని అతనికి సిగ్గేసింది, వెంటనే సరైన మాట దొరికిందని పట్టరాని సంతోషమూ వచ్చింది.

"'అన్నీ ఆలోచించుకునే పగలగొట్టాను' అని రాస్తాను గురువుగారూ. ఉద్యోగం నిలుస్తుందంటారా?"

పంతులుగారు అప్పటికే ఇంటిదారి పట్టారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"విచారణ గదిలో ముందు ఫ్యాను కట్టెయ్యమను."