గట్టయ్య తాగలేదు

భూలక్ష్మి జిల్లా కరెంటు ఆఫీసులో అటెండరుగా పనిచేసేది. కళ్లెదుట ఎంత అన్యాయం జరిగినా ‘మనకెందుకు’ అని నోరు మూసుకోవడం ఆమెకు అలవాటు.

ఆ ఉద్యోగం ఆమె భర్త గట్టయ్య పోయాక వచ్చింది. గట్టయ్య లైన్‌మన్. మూడేళ్ల కిందట వానాకాలంలో స్తంభం మీద పనిచేస్తూ కరెంటు తగిలి చనిపోయాడు. ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి సరఫరా ఆపించాడు. అతను దిగకముందే అక్కడ ఎవరో మళ్లీ వదిలేశారు. చేతులకు గ్లౌజులు లేవు. పాతవి చిరిగిపోయాయని, కొత్తవి ఇప్పించమని అప్పటికే మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. విచారణ కాగితంలో మాత్రం ‘కారణం: అజాగ్రత్త’ అని రాశారు. దాని కింద సంతకం పెట్టమంటే భూలక్ష్మి పెట్టింది. ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం ఇంకా చేతికి రాలేదు. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఆ ఆఫీసువాళ్లు ఏటా లైన్‌మన్లందరినీ పిలిచి భద్రతా సదస్సు జరిపేవారు. అధికారులు తెరమీద లెక్కలు చూపిస్తుంటే కింద సగం మంది కునుకు తీసేవారు, మిగతా సగం ఫోన్లు చూసుకునేవారు. ఈసారి అలా కాకూడదని పెద్ద ఇంజనీరు హైదరాబాదు నుంచి శశిభూషణ్ అనే వక్తను పిలిపించాడు. సభల్లో కథలు చెప్పి జనాన్ని కట్టిపడేస్తాడని అతనికి పేరు.

“లెక్కలు చెబితే నిద్రపోతారు సార్. కథ చెబితే లేచి కూర్చుంటారు” అన్నాడు శశిభూషణ్. “ఈ జిల్లాలోనే జరిగిన కథ ఒకటి కావాలి.”

ఇంజనీరు భూలక్ష్మిని చూపించాడు.

శశిభూషణ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఎంతో మర్యాదగా అడిగాడు. మూడేళ్లలో ఆమెను అలా అడిగినవాళ్లు లేరు. గట్టయ్య పొద్దున్నే నిచ్చెన కడిగి బొట్టు పెట్టే సంగతి, ఏ ఇంట్లో పసిపిల్లలున్నారో గుర్తుపెట్టుకుని ముందు ఆ వీధికి కరెంటు ఇచ్చే సంగతి, అర్జీల సంగతి, ఫోను సంగతి, అన్నీ చెప్పింది. అతను అన్నీ రాసుకున్నాడు.

“మీ మాట కొన్ని వందల ప్రాణాలు కాపాడుతుందమ్మా” అన్నాడు. ఆ మాటకు భూలక్ష్మి కడుపు నిండింది.

సదస్సు రోజు హాలు కిక్కిరిసింది. భూలక్ష్మి టీ కప్పుల పళ్లెం పట్టుకుని వెనకవరుస దగ్గర నిలబడింది. శశిభూషణ్ కాగితం లేకుండా వేదిక అంచుకు వచ్చి, మామూలు గొంతుతో మొదలుపెట్టాడు.

“మీలాంటివాడే ఒక లైన్‌మన్ ఉండేవాడు. పొద్దున్నే నిచ్చెన కడిగి బొట్టు పెట్టేవాడు.”

హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. పసిపిల్లలున్న వీధి సంగతి వచ్చేసరికి ముందువరుసలో ఒకతను కళ్లు తుడుచుకున్నాడు. భూలక్ష్మికి గుండె ఉప్పొంగింది. తన మనిషి మళ్లీ నడిచి వచ్చినట్టే ఉంది.

“ఆ రోజు చుట్టాలింట్లో దావతు” అన్నాడు శశిభూషణ్. “రెండు గ్లాసులు పడ్డాయి. ఇంతలో ఫోను వచ్చింది. ‘ఐదు నిమిషాల పనే కదా’ అనుకున్నాడు. సరఫరా ఆపమని అడగలేదు. గ్లౌజులు బండి డిక్కీలోనే వదిలేశాడు. స్తంభం ఎక్కాడు. మళ్లీ దిగలేదు.”

హాలంతా నిట్టూర్చింది. ముందుగా ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

గట్టయ్య కల్లు కూడా ముట్టేవాడు కాదు. తోటివాళ్లు ఆ మాట పట్టుకుని ఆటపట్టించేవారు. ఆ తోటివాళ్లే ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల దించుకున్నారు. ఎవరూ పెదవి కదపలేదు. మూడేళ్లుగా భూలక్ష్మి కూడా అదే చేసింది. వాళ్లను చూస్తుంటే ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది.

పళ్లెం కింద పెట్టి నేరుగా వేదిక ముందుకు నడిచింది.

“సార్, కథ చెప్పింది నేనే. కానీ నేను చెప్పింది గిది కాదు.”

శశిభూషణ్ చిరునవ్వు నవ్వాడు. “కూర్చోండమ్మా. వినేవాళ్ల గుండెకు తాకాలంటే కథను కొంచెం మలుచుకోవాలి. మీ ఆయన పేరు కూడా చెప్పలేదుగా.”

“పేరు చెప్పకపోతే తెల్వదా? ఆ స్తంభం ఏ ఊళ్లె ఉందో ఇక్కడున్న అందరికీ తెలుసు. రేపు నా బిడ్డను బళ్లె ‘మీ నాయన తాగి చచ్చిండట’ అంటరు. చప్పట్లు నీకు, చెడ్డపేరు మాకా సార్?”

ఇంజనీరు లేచాడు. “భూలక్ష్మీ, ఇది సభ. ఆఫీసులో మాట్లాడదాం.”

“ఆఫీసుల మూడేండ్లు ఊకున్న సార్” అంది ఆమె. “ఆయన తాగలేదు. కరెంటు ఆపించే ఎక్కిండు. దిగకముందే ఎవరో వదిలిండ్రు. గ్లౌజులు మరిచిపోలేదు, మీరు ఇయ్యలేదు. మూడుసార్లు అడిగిండు. ‘అజాగ్రత్త’ అని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టిన. గది నా తప్పు.”

వెనకనుంచి ఓదెలు అనే ముసలి లైన్‌మన్ లేచాడు. “చెల్లె చెప్పింది నిజం. మూడో అర్జీ మీద సాక్షి సంతకం నాది. ఇన్నాళ్లు చెప్పకపోవుడు నా తప్పు.”

ఆ పక్కనున్నతను సంచిలోంచి వేళ్లు తెగిన గ్లౌజులు తీసి పైకెత్తాడు. “ఇప్పటికీ ఇవే సార్.” ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే పాతిక ముప్పై చేతులు లేచాయి.

ఇంజనీరు ఆ చేతులవంక చూడలేక కుర్చీలో కూలబడ్డాడు. శశిభూషణ్ మైకు అందుకుని ఏదో చెప్పబోయాడు.

“నీ కథలు చాలు, దిగు” అన్నారు కింద నుంచి. అతను పక్కమెట్ల మీదుగా వెళ్లిపోయాడు. ఆ కబురు ఊరూరా పాకింది. అతన్ని సభకు పిలవాలనుకున్నవాళ్లు ముందుగా ‘ఈ కథ ఎవరిది, వాళ్లు ఒప్పుకున్నారా?’ అని అడగసాగారు. అతని దగ్గర జవాబు ఉండేది కాదు.

సభకు భంగం కలిగించిందని భూలక్ష్మికి మెమో ఇచ్చారు. దానికి ఆమె రాసిన జవాబు మీద లైన్‌మన్లందరూ సంతకాలు చేశారు. నెల తిరక్కుండా జిల్లా మొత్తానికీ కొత్త గ్లౌజులు వచ్చాయి. విచారణ మళ్లీ మొదలైంది. సరఫరా వదిలింది ఎవరో తేలడానికి ఏడాది పట్టింది. చివరికి గట్టయ్య కాగితంలో ‘అజాగ్రత్త’ అన్న మాట కొట్టేశారు.

చనిపోయినవాడు లేచివచ్చి తన కథను సరిదిద్దుకోలేడు. కాబట్టి ఆ కథ చెప్పేవాడు చప్పట్ల కోసం నిజం తప్పకూడదు, నిజం తెలిసినవాడు భయపడి మౌనంగా ఉండకూడదు.